ముందు బైట్లు, తరవాతే కోడ్

సేవ్ చేసిన పత్రం మళ్లీ తెరిస్తే అక్షరాలు గజిబిజిగా కనిపించాయనుకోండి. ప్రోగ్రామర్ చెయ్యి మొదట చదివే కోడ్ మీదికే పోతుంది. అక్కడో షరతు చేర్చి, ఇక్కడో ఎర్రర్‌ను మింగేసి ఎలాగోలా ఫైలు తెరుచుకునేలా చేస్తారు. డీబగ్గింగ్‌లో చేయి తిరిగినవాళ్ల పద్ధతి వేరు. పంచనామా కాకుండా దేన్నీ కదపనట్టు, వాళ్లు ముందు ఫైలుకు నకలు తీసి, హెక్స్ ఎడిటర్‌లో తెరిచి, డిస్కు మీద నిజంగా ఏ బైట్లున్నాయో చూస్తారు. తప్పు రాసేటప్పుడు జరిగిందా, చదివేటప్పుడా అన్నది తేల్చేది ఆ బైట్లే. అది తేలకుండా చేసే మరమ్మతు చాలాసార్లు రెండో తప్పవుతుంది.

తెలుగు ఫైళ్లలో ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు కోడ్ పాయింట్‌కూ మూడు బైట్లు. మొదటిది ఎప్పుడూ 224, రెండోది 176 లేదా 177. ఆ ఫైలును విండోస్-1252గా చదివితే నెత్తిన గీత ఉన్న ఇంగ్లిషు ‘ఎ’, దాని పక్కన డిగ్రీ గుర్తో ప్లస్-మైనస్ గుర్తో వరసగా కనిపిస్తాయి. తెలుగు సీఎస్‌వీని ఎక్సెల్‌లో నేరుగా తెరిచినవాళ్లకు ఈ దృశ్యం కొత్త కాదు. చూడటానికి ఘోరంగా ఉన్నా డేటాకు ఏమీ కాలేదు, చదివిన తీరే తప్పు. కానీ అలా కనిపిస్తుండగానే యూటీఎఫ్-8లో మళ్లీ సేవ్ కొడితే ఒక్కో బైటూ విడి అక్షరంగా మారి చిక్కు రెట్టింపవుతుంది. తెర మీద ప్రశ్నార్థకాలు కనిపించి, ఫైల్లోనూ 63 అనే బైటే వరసగా ఉంటే మాత్రం కథ వేరు. రాసేటప్పుడే అక్షరాలు పోయాయి. చదివే కోడ్‌ను ఎంత దిద్దినా తిరిగి రావు. చూపులకు మర్యాదగా ఉండే ప్రశ్నార్థకమే అసలు నష్టం.

బైట్లు చెదిరాయో లేదో తేల్చే పరీక్షను మంచి ఫైల్ ఫార్మాట్లు తమలోనే పెట్టుకుంటాయి. 1996లో వచ్చిన పీఎన్‌జీ అనే బొమ్మల ఫార్మాట్‌లో మొదటి ఎనిమిది బైట్లు 137, 80, 78, 71, 13, 10, 26, 10. మధ్యలో ఎవరైనా ఎనిమిదో బిట్‌ను కత్తిరిస్తే 137 మారిపోతుంది. పంక్తి ముగింపులను మార్చే బదిలీ జరిగితే 13, 10 జంట గానీ చివరి 10 గానీ చెదురుతుంది. 26 అయితే పాత డాస్‌లో ఫైలును తెర మీద చూపబోతే అక్కడే ఆపేస్తుంది. ఎనిమిది బైట్లలో ఇంత ముందుచూపు! దీనికి పూర్తి విరుద్ధం విండోస్ ఎక్స్‌పీ నోట్‌ప్యాడ్. సాదా టెక్స్ట్ ఫైల్లో ఎన్‌కోడింగ్ రాసి ఉండదు కాబట్టి అది ఊహించేది. ‘బుష్ హిడ్ ద ఫ్యాక్ట్స్’ అని ఇంగ్లిషులో 18 అక్షరాలు సేవ్ చేసి తెరిస్తే, రెండేసి బైట్లు కలిపి యూటీఎఫ్-16 అనుకుని తొమ్మిది అక్షరాలుగా చూపేది. కొందరు దాన్ని రాజకీయ కుట్ర అన్నారు. నిజానికి అది తప్పిన ఊహ.

ఇప్పుడు జేసన్, ఎక్స్ఎంఎల్ లైబ్రరీలు ఉండగా బైట్లు లెక్కబెట్టడం ఎందుకు, సేవ్ చేసి తెరిచి పోల్చే ఆటోమేటిక్ పరీక్ష చాలదా అని అడగవచ్చు. ఆ పరీక్ష కావాల్సిందే. కానీ రాసే కోడ్, చదివే కోడ్ ఒకే తప్పు చేస్తే అవి ఒకదాన్నొకటి కాపాడుకుంటాయి, పరీక్ష పాసవుతుంది. పైగా లైబ్రరీ విలువను తెచ్చిస్తుంది గానీ, దాని అర్థానికి పూచీ పడదు. ఎక్సెల్ తేదీని రోజుల సంఖ్యగా దాస్తుంది. ఆ లెక్క 1900 నుంచా, 1904 నుంచా అన్నది వర్క్‌బుక్‌లో వేరే చోట ఉన్న చిన్న సెట్టింగ్ చెబుతుంది. పాత మాక్ ఎక్సెల్ ఫైళ్లు 1904 లెక్కవి. ఆ సెట్టింగ్ చూడని ప్రోగ్రామ్‌లో వాటిని తెరిస్తే ఏ ఎర్రరూ రాదు, తేదీలన్నీ 1,462 రోజులు వెనక్కి జరుగుతాయి. దీన్ని పట్టాలంటే ఇతర ప్రోగ్రాములు, పాత వర్షన్లు రాసిన అసలు ఫైళ్లను దాచుకుని, వాటిలో ఉండాల్సిన తేదీలను విడిగా రాసిపెట్టుకుని, ప్రతి విడుదలకు ముందూ తెరిచి సరిచూడాలి.