రెండు మాటలూ విన్న యంత్రం

పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయపు తర్కవేత్త న్యూయెల్ బెల్నాప్ 1977లో ప్రకటించిన వ్యాసం, కంప్యూటరు ఎలా ఆలోచించాలో చెప్పబూనింది. యంత్రానికి సమాచారం అందించేవారు పలువురు. ఒకరు అవునన్నదాన్ని మరొకరు కాదంటారు. వాడుకలో ఉన్న తర్కం ప్రకారం ఒక మాటనూ దాని నిషేధాన్నీ కలిపి ఒప్పుకున్నవాడు ఏ మాటనైనా ఒప్పుకోక తప్పదు. అంటే ఏ మూలనో ఒక్క వైరుధ్యం చొరబడితే చాలు, యంత్రం అడిగిన ప్రతి ప్రశ్నకూ 'అవును' అంటుంది.

బెల్నాప్ ప్రతి వాక్యానికీ నాలుగు స్థితులు కల్పించారు: నిజమని విన్నది, అబద్ధమని విన్నది, రెండూ విన్నది, ఏదీ విననిది. వైరుధ్యం పుట్టినచోటే ఆగిపోతుంది, మిగిలిన సమాచారం చెడదు. 'విన్నది' అన్న మాటలోని వినయం మెచ్చదగినది. ఇంతటి జాగ్రత్త వేదికలెక్కే వక్తలందరిలోనూ కానరాదు! అయితే దీనికి మూల్యం ఉంది. 'ఇదో అదో ఒకటి నిజం, ఇది కాదు, కనుక అది' అనే నిత్యవ్యవహారపు నిర్ణయం ఇక్కడ చెల్లదు.

అసలు లోపం వేరు. హిజ్రీ 7వ సంవత్సరపు ఉమ్రా ప్రయాణంలో హజ్రత్ మైమూనా (రజి)తో దైవప్రవక్త (స) నికాహ్ జరిగింది. అప్పుడు ఆయన ఇహ్రాంలో ఉన్నారని ఇబ్నె అబ్బాస్ (రజి) ఉల్లేఖించారు. లేరని స్వయంగా మైమూనా (రజి) చెప్పారు. ఇహ్రాంలో ఉన్నవారు నికాహ్ చేసుకోవచ్చునా అన్న ఫిఖహ్ సమస్య దీనితో ముడిపడి ఉంది. బెల్నాప్ పట్టికలో దీనికి దక్కేది 'రెండూ విన్నది' అన్న ఒక్క గుర్తు. చెప్పినవారెవరో అందులో చెరిగిపోతుంది. ఫుఖహాల విచారణ సరిగ్గా అక్కడే మొదలవుతుంది. పెళ్ళికూతురి మాట ఆమె సోదరి కుమారుడి మాటకన్నా బలమైనదని అధికసంఖ్యాకులు భావించారు; పైగా అతడు అప్పటికి బాలుడు. ఇబ్నె అబ్బాస్ పాండిత్యాన్నిబట్టి హనఫీలు ఆయన రివాయత్‌నే ఎంచుకున్నారు. ఫలితాలు వేరైనా, సనదు చూడకుండా ఏ పక్షమూ తీర్పు చెప్పలేదు.

మాటతోపాటు దాని మూలాన్నీ నమోదు చేసే పద్ధతులు కంప్యూటరు శాస్త్రంలో తరువాత రూపొందాయి. అంతమాత్రాన బెల్నాప్ శ్రమ వ్యర్థం కాదు. రెండు ఆధారాలూ సమబలంగా తూగి, ఏదీ ఎంచలేని స్థితికి ఫుఖహాలు 'తవక్కుఫ్' అని పేరు పెట్టారు. ఆ విరామంలోనూ మిగతా వ్యవహారం సాగాలి. నాలుగు స్థితుల తర్కానికి తగిన చోటు అదే.