మోన్సు దూతల కథ: ఒక విమర్శ



గృహకూటములో సాక్ష్యములు చెప్పు వేళ మీరు ఇట్టి మాట వినియుందురు. ఒకడు రాత్రివేళ వాగు దాటబోవుచుండగా తెల్లని బట్టలు కట్టుకొనిన మనుష్యుడు ఎదురై, ఇటు రావద్దని చెప్పి మాయమాయెను. తెల్లవారి చూడగా వాగు రెండు గట్లు ఒరసి పారుచుండెను. విన్నవారందరు స్తోత్రము చెప్పుదురు. ఆ దాటబోయినవాడెవడని అడిగినయెడల, మా పిన్నమ్మ ఊరివాడందురు. పిన్నమ్మ ఊరికి పోయి అడిగినయెడల, వారు మరియొక ఊరి పేరు చెప్పుదురు.

దేవదూతలు లేరని చెప్పుటకు నేను ఈ వ్యాసము వ్రాయుటలేదు. దూతలను గూర్చిన కథలను మనము ఎందుకు అంత త్వరగా నమ్ముదుము, అట్లు నమ్మినప్పుడు పోగొట్టుకొనునదేమి అనునదే నా ప్రశ్న. ఇందుకు మన ఊరి కథను తీసికొనినయెడల ఎవరికైనను నొప్పి కలుగును. కనుక దూరదేశపు కథ నొకదానిని తీసికొందము. అది ఏ దినమున, ఎవరి కలమునుండి పుట్టెనో మనకు తెలియును. సాధారణముగా ఇట్టి కథలకు మొదలు దొరకదు; దీనికి దొరికినది.

1914వ సంవత్సరము ఆగస్టు 23వ తేదీ ఆదివారమున, బెల్జియము దేశములో మోన్సు అను బొగ్గుగనుల పట్టణము నొద్ద, బ్రిటిషు సైన్యము జర్మను సైన్యమును ఎదుర్కొనెను. జర్మనుల సంఖ్య చాల ఎక్కువ. ఆ ఒక్క దినమున బ్రిటిషువారిలో చనిపోయినవారు, గాయపడినవారు, కనబడకపోయినవారు కలిసి ఇంచుమించు 1,600 మంది. తరువాత ఆ సైన్యము సుమారు రెండు వారములు వెనుకకు నడిచెను. సిపాయిలు నిద్రలేక, నడచుచునే నిద్రపోవుచు, లేని కోటలను లేని దీపములను చూచితిమని తరువాత చెప్పుకొనిరి. అలసిన కన్నులు అట్లే చూచును. రాత్రంతయు చేను కావలి కాచినవారికి ఇది వింత కాదు.

ఈ వార్త లండను పట్టణమునకు చేరినప్పుడు దానిని చదివి కలతపడినవారిలో ఆర్థర్ మాకెన్ అను రచయిత ఒకడు. ఆయన వేల్సు దేశములో ఒక పాదిరిగారి కుమారుడు, 1863లో జన్మించెను. ఆయన వ్రాసిన 'విలుకాండ్రు' అను చిన్న కథ సెప్టెంబరు 29వ తేదీన 'ఈవినింగ్ న్యూస్' అను లండను పత్రికలో అచ్చుపడెను.

కథ ఇది. ఓడిపోవుచున్న బ్రిటిషు దళములోని సిపాయి ఒకడు, తాను లండనులో భోజనము చేసిన ఒక శాకాహారశాలలోని పళ్లెములను జ్ఞాపకము చేసికొనును. ఆ పళ్లెములమీద పరిశుద్ధ జార్జి బొమ్మ నీలిరంగున వేయబడి, ఇంగ్లీషువారికి అతడు తోడుండును గాక అను భావముగల లాటిను మాటలు ఉండెను. సిపాయి ఆ మాటలు పలుకును. వెంటనే గొప్ప కేక వినబడును. కందకముల అవతల మెరయుచున్న ఆకారములు వరుసగా నిలిచి విండ్లు వంచుచుండును. వారు 1415లో అజింకూరు యుద్ధములో పోరాడిన పూర్వకాలపు విలుకాండ్రు. జర్మనులు వేలకొలది కూలుదురు. శవములమీద గాయములు కనబడకపోగా, ఇంగ్లీషువారు విషవాయువును ప్రయోగించిరని జర్మను సేనాపతులు నిశ్చయించుకొందురు. కథ అంతే.

చదువరులారా, ఈ కథలో దేవదూత ఒక్కడును లేడని మీరు గుర్తించితిరా?

ముందు ఈ కథయొక్క గుణదోషములను చూతము. దీని బలమంతయు ఆ పళ్లెములో నున్నది. ఆకాశమునుండి వచ్చిన వెలుగును గూర్చి చెప్పినయెడల మనము సందేహింతుము గాని, భోజనశాల పళ్లెముమీది నీలిబొమ్మను ఎవడు కల్పించునని అనుకొందుము. చిన్న వస్తువు నిజముగా కనబడినప్పుడు దాని వెంట వచ్చిన పెద్ద సంగతిని కూడ లోపలికి రానిత్తుము. అది యుద్ధవార్తలు అచ్చువేయు పత్రికలో వచ్చినందున చాలమంది దానిని కూడ వార్తయనియే చదివిరి.

దోషములు రెండు. ఆ సిపాయి చేసినది ప్రార్థనవలె లేదు. గిన్నెమీద చూచిన మాటలను ఆపదలో పలికెను, పని జరిగెను. మన ఊళ్లలో తాయెత్తు కట్టువాడును ఇంతకంటె వేరుగా చేయుటలేదు. రెండవది, ఈ కథలో పరలోకము ఒక దేశపు సైన్యములో చేరిపోయినది. అయితే ఆ యుద్ధములో జర్మను సిపాయిల నడికట్టు బిళ్లలమీద దేవుడు మనతో నున్నాడను మాటలే చెక్కబడియుండెను. ఇరుపక్షములవారును ఒకే దేవుని తమవానిగా ముద్రవేసికొనిరి. యెరికో యొద్ద ఖడ్గము దూసి నిలిచినవానిని యెహోషువ, నీవు మా పక్షమా, శత్రుపక్షమా అని అడిగినప్పుడు అతడు ఏ పక్షమునకును చేరలేదు. తాను యెహోవా సేనకు అధిపతినని చెప్పెను. మాకెన్ కథకు ఆ అధ్యాయము అడ్డువచ్చును. తన కథ గొప్పది కాదని మాకెనే తరువాత ఒప్పుకొనెను.

ఇక దీని సంచారము వినుడి. మొదట పరోక్ష సంగతులను గూర్చిన రెండు పత్రికల సంపాదకులు, ఇది మీకెట్లు తెలిసినదని మాకెనును అడిగిరి. కల్పించితినని ఆయన చెప్పెను. తరువాత సంఘపత్రికలవారు, అనగా మన పత్రికవంటివే, దానిని తిరిగి అచ్చువేసికొనుటకు సెలవడిగిరి. ఆయన సెలవిచ్చెను. అట్లు అచ్చువేసిన ఒక పాదిరిగారు, ప్రతులన్నియు అమ్ముడుపోయినవి గనుక చిన్న పుస్తకముగా వేయుదుము, దీనికి ఆధారములేవో ముందుమాటలో వ్రాయుడని కోరెను. ఆధారము లేదు, ఇది కట్టుకథయని మాకెన్ జవాబు వ్రాసెను. అప్పుడు ఆ పాదిరిగారు, మీరే పొరబడియుందురు, సంగతి నిజమైనదే, మీరు దానికి కొంత అలంకారము చేర్చితిరి, అంతే అని తిరిగి వ్రాసెను. కథ పుట్టించినవానికంటె కథ విన్నవానికే ఎక్కువ తెలిసినట్లాయెను.

1915 వసంతకాలము నాటికి విలుకాండ్రు పోయి దేవదూతలు వచ్చిరి. విండ్లు పోయి రెక్కలు వచ్చెను. ఫలాని అధికారి చూచెనని ఒకరు, ఫలాని దాది యొద్ద గాయపడినవారు చెప్పిరని ఒకరు. ఒక సంఘపత్రిక ఒకామె పేరును సాక్షిగా వేసెను. ఆమెను అడుగగా, నేను చూచినవారిని ఎరుగనని చెప్పెను. ఆ యేడు ఆగస్టులో మాకెన్ తన కథను పుస్తకముగా వేసి, సంగతియంతయు ముందుమాటలో వివరముగా వ్రాసెను. దానికి బదులుగా హెరాల్డ్ బెగ్బీ అను రచయిత దూతల పక్షమున మరియొక పుస్తకము వ్రాసెను. జనులు బెగ్బీనే నమ్మగోరిరి. ఈ సంగతిని చాలకాలము శోధించిన డేవిడ్ క్లార్క్ 2004లో ప్రచురించిన గ్రంథములో చూపినది కూడ ఇదే: నేనే చూచితినని పేరుతో, తేదీతో, ఆ కథకు ముందు చెప్పిన నమ్మదగిన సాక్షి దొరకలేదు. ఇంత జరిగినను కథ చావలేదు. 2001లో మోన్సు దూత పడిన సినిమా ఫిల్ము దొరికెనని లండను పత్రిక వ్రాసెను. మరుసటి యేడు అదియు కల్పితమని బయటపడెను.

వీరందరు అబద్ధికులా? కారు. ఒక్కొక్కరు కొంచెము కొంచెముగా కలిపిరి. ఏ ఒక్కరును తాను అబద్ధమాడితినని అనుకొనలేదు. మెరయుచున్న ఆకారములనగా దూతలే గదాయని ఒకడు అర్థము చెప్పెను. ఎవరో చెప్పిరనుటకు మారుగా, నాకు తెలిసినవారు చెప్పిరని మరియొకడు అనెను. ఆ ఇండ్లలో కుమారులు యుద్ధమునకు పోయియుండిరి. తపాలావాడు వీధిలోనికి వచ్చినప్పుడెల్ల తల్లుల గుండె ఆగిపోవుచుండెను. అట్టి తల్లితో, నీ కుమారునియొద్ద దూత నిలిచియున్నాడని చెప్పినయెడల ఆమె ఆధారములడుగునా? ఆమెను చూచి నవ్వువాడు క్రూరుడు. మనము దూతలను నమ్ముటకు మొదటి కారణము ఇదే. ప్రేమించినవారు మన చేతికి అందని దూరములో నున్నప్పుడు, మన చేతికి బదులుగా ఒక చేయి అక్కడ నుండవలెనని కోరుదుము. ఆ కోరిక పాపము కాదు.

అయితే పెద్దలు కొందరు, ఈ కథవలన ఓదార్పు కలిగెను గదా, నష్టమేమి అని అడుగుదురు. నష్టము తరువాత వచ్చెను. 1916 జూలై 1వ తేదీన, ఫ్రాన్సు దేశములో సోమ్ నది ప్రాంతమున, ఒక్క దినములో 19,000 మందికి పైగా బ్రిటిషు సిపాయిలు చనిపోయిరి. అక్కడ విలుకాండ్రు లేచిరని ఎవరును చెప్పలేదు. మోన్సులో దూతలు దిగివచ్చిన మాట నిజమైతే, సోమ్ నది యొద్ద వారు ఎందుకు రాలేదు? నా ప్రార్థన చాలలేదా? నా కుమారునియందు ఏ దోషము కనబడెను? ఈ ప్రశ్నలను ఆ తల్లి గుండెలో నాటినది యుద్ధమొక్కటే కాదు. ఆ కట్టుకథ కూడ నాటినది.

ఇప్పుడు మన గృహకూటమునకు తిరిగి వత్తము. వాగునొద్ద దూత కనబడి ఒకని రక్షించెనని మీరు చెప్పుచుండగా, అదే చాపమీద, గోడకు ఆనుకొని, నిరుడు బిడ్డను వాగులో పోగొట్టుకొనిన తల్లి కూర్చుండియుండవచ్చును. అందరు స్తోత్రము చెప్పునప్పుడు ఆమెయు పెదవులు కదిలించును. ఇంటికి పోయి ఆమె ఏమని ప్రార్థించునో మీరు ఎప్పుడైన ఆలోచించితిరా?

ఇట్టి సాక్ష్యమును ఎట్లు చెప్పవలెనో లూకా మనకు నేర్పియున్నాడు. అపొస్తలుల కార్యముల పండ్రెండవ అధ్యాయము తెరచి చూడుడి. పేతురును చెరసాలనుండి దూత విడిపించిన సంగతి అందున్నది. లూకా దానిని ఎంత జాగ్రత్తగా చెప్పెనో గమనించుడి. కావలివారు నలుగురేసి చొప్పున నాలుగు గుంపులు. ఇనుప గవిని ఒకటి. దూత ఒక వీధి దూరము వచ్చి విడిచిపోయెను. పేతురే మొదట దీనిని దర్శనమనుకొనెను. తెలివి వచ్చిన తరువాతనే నిశ్చయించుకొనెను. అతడు వెళ్లిన ఇల్లు మార్కు అను మారుపేరుగల యోహాను తల్లియైన మరియది. తలుపునొద్దకు వచ్చిన చిన్నది రోదే. పిన్నమ్మ ఊరివాడని లూకా చెప్పలేదు. పేర్లు పెట్టి, ఇల్లు చూపించెను.

అంతకంటె ముఖ్యమైనది ఆ అధ్యాయము మొదట నున్నది. పేతురును పట్టుకొనకమునుపే హేరోదు యోహాను సహోదరుడైన యాకోబును కత్తితో చంపించెను. యాకోబు కూడ అపొస్తలుడే. అతని తలుపునొద్దకు దూత రాలేదు. ఎందుకు రాలేదో లూకా చెప్పలేదు. చెప్పవలెనని ప్రయత్నింపను లేదు. అయినను పేతురు విడుదల అందముగా కనబడుటకై యాకోబు మరణమును దాచలేదు. రెంటిని ఒకే పుటమీద ఉంచెను. యాకోబు తల్లి ఆ అధ్యాయమును చదివినను తన కుమారుని పేరు అందులో కనబడును. మోన్సు కథ చెప్పినవారిలో ఆ ఆదివారమున కూలిన 1,600 మందిని తలచుకొనినవారు ఎందరు?

కనుక సాక్ష్యము చెప్పుటకు లేచువారిని, వాటిని అచ్చువేయు మావంటివారిని కూడ మూడు మాటలు అడుగుచున్నాను. చూచినదెవరు? నీవు కానియెడల, చూచినవాని పేరు తెలిసికొనువరకు ఊరకుండుము. మొదట చెప్పినప్పుడు ఈ కథ ఎట్లుండెను? విలుకాడు దూతగా మారెనేమో వెదకుము. ఇందులో యాకోబు ఎక్కడ? చాపమీద కూర్చున్న ఆ తల్లికి చోటు లేని సాక్ష్యమైతే, అది ఇంకను పండలేదు. మాకెన్ ఊరకుండినయెడల అతనికి కీర్తి వచ్చియుండును. అయినను అతడు, ఇది నేను కల్పించినదని అడిగినవారికెల్ల చెప్పెను. పత్రికలవాడు చెప్పిన సత్యమును పాదిరిగారు వినకపోవుట మనకు సిగ్గు.

ఆ రాత్రి మరియ ఇంట జరిగినదానిని కూడ మరువకుడి. పేతురు తలుపు తట్టుచుండగా, రోదే సంతోషముచేత తలుపు తీయక లోపలికి పరుగెత్తెను. లోపల ప్రార్థించుచున్నవారు, అది పేతురుయొక్క దూతయై యుండునని తేల్చిరి. దూతను నమ్ముట వారికి సుళువాయెను; వాకిట నిలిచిన మనుష్యుని నమ్ముట కష్టమాయెను. పేతురు ఇంకను తట్టుచునే యుండెను. పరదేశులకు ఆతిథ్యము చేసినవారిలో కొందరు తెలియకయే దూతలను చేర్చుకొనిరని హెబ్రీయులకు వ్రాసిన పత్రిక చెప్పుచున్నది. మన తలుపు తట్టువారు పగలంతయు నడిచివచ్చిన కూలివారై యుండవచ్చును. బిడ్డను పోగొట్టుకొనిన ఆ తల్లియే కావచ్చును. వారెవరని లోపల కూర్చుండి తర్కింపక, లేచి తలుపు తీయుదము.