నీటివైపు చదును, కంటివైపు పల్లం

ఈ డైవింగ్ మాస్కు అద్దాన్ని బయటివైపు వేలితో తడిమితే చదునుగా తగులుతుంది. లోపలివైపు తడిమితే రెండు కళ్ల దగ్గరా రెండు పల్లాలు తెలుస్తాయి. మైనస్ 5 పవర్ ఉన్న నాకు సముద్రం అడుగును చూపించేవి ఆ పల్లాలే.

గాలిలో ఉన్నప్పుడు కంటి పవర్‌లో మూడింట రెండు వంతులు కార్నియాదే. అయితే నీటి వక్రీభవన గుణకం 1.33, కార్నియాది 1.38. రెండూ ఇంచుమించు ఒకటే కాబట్టి నీళ్లలో కళ్లు తెరిస్తే కార్నియా ఉన్నా లేనట్టే. 40 డయాప్టర్లకు పైగా బలం పోతుంది. మాస్కు కంటి ముందు మళ్లీ కాస్త గాలిని నిలిపి, పోయిన ఆ బలాన్ని తిరిగి ఇస్తుంది. దాంతోపాటు హ్రస్వదృష్టి కూడా తిరిగొస్తుంది. కళ్లజోడు పెట్టుకుని దానిమీద మాస్కు వేసుకుందామంటే, కాడలు సిలికాన్ అంచును చెంపకు అతుక్కోనివ్వవు. ఆ సందులోంచి నీళ్లు కారతాయి.

నీళ్లలో వస్తువులు ఉన్న దూరంలో ముప్పావు దూరానికే, మూడో వంతు పెద్దగా కనిపిస్తాయి. అందుకే మైనస్ 1 లాంటి చిన్న పవర్ ఉన్నవాళ్లు చాలామంది మామూలు మాస్కుతోనే సర్దుకోగలరు. అంతకు మించితే రెడీమేడ్ అద్దాలు ఉన్నాయి. రెండు కిటికీల మాస్కులో అసలు అద్దం తీసి, అర డయాప్టర్ తేడాలతో దొరికే పవర్ అద్దం బిగిస్తారు. చాలామందికి ఇది చాలు. పవర్ చీటీలో సిలిండర్ (అస్టిగ్మాటిజం అంకె) ఉన్నా, పవర్ ఎక్కువైనా, ఆ మనిషి కోసమే అద్దం అరగదీసి మాస్కు లోపల అతికించాల్సిందే.

అసలు పనితనం ఇక్కడే కనబడుతుంది. కళ్లజోడు అద్దానికి సాధారణంగా ముందు వైపు కూడా కొంత వంపు ఉంటుంది. ఆ వంపు నీటికి తగిలితే దాని బలం మూడో వంతుకు పడిపోయి లెక్కంతా తారుమారవుతుంది. అందుకే పనివాడు ముందు వైపును పూర్తిగా చదును చేసి, పవర్ మొత్తాన్ని లోపల, గాలివైపు చెక్కుతాడు. చదును ముఖం మాస్కు గాజుకు అతుక్కుంటుంది. నీరు వంపును తాకదు.

తర్వాతది కొలతల పని. అద్దం కేంద్రం కంటిపాపకు సరిగ్గా ఎదురుగా రావాలి. కొన్ని మిల్లీమీటర్లు పక్కకు పోయినా కళ్లు లాగేస్తాయి. సిలిండర్ యాక్సిస్ తిరిగిపోకూడదు. పైగా మాస్కు అద్దం కళ్లజోడు కంటే కంటికి దూరంగా ఉంటుంది, దూరం పెరిగేకొద్దీ మైనస్ బలం తగ్గుతుంది. మైనస్ 8 అద్దాన్ని 10 మిల్లీమీటర్లు ముందుకు జరిపితే, అదే చూపుకు దాదాపు మైనస్ 8.7 కావాలి. మంచి పనివాడు చీటీలోని అంకెను అలాగే దించేయడు, మాస్కు ముఖానికి పెట్టించి మరీ కొలుస్తాడు.

నా మాస్కును కిటికీ వెలుతురులో ఏటవాలుగా పట్టుకుని చూస్తాను. రెండు గాజుల మధ్య జిగురు ఉందని కంటికి తెలియదు. ఆవగింజంత బుడగ కూడా లేదు. నడుమ పలుచగా ఉన్న అద్దం అంచుకు వచ్చేసరికి మందమవుతుంది. ఆ మందపు అంచు కనురెప్పకు తగలకుండా సాన పట్టారు. ఆ జిగురు మీద గౌరవంతోనే, మసక పట్టకుండా కొందరు చేసినట్టు కొత్త మాస్కును లైటరుతో కాల్చలేదు, వేలితో టూత్‌పేస్ట్ మాత్రమే రుద్దాను.

కాంటాక్ట్ లెన్సులతో దిగేవాళ్లూ ఉన్నారు. వాటిలో మెత్తనివి నయం, ఒక్కరోజు వాడి పారేసేవి ఇంకా నయం. కానీ లెన్సు మీదికి నీళ్లు చేరితే అకాంతమీబా లాంటి సూక్ష్మజీవులతో కంటికి ముప్పు. లేజర్ చికిత్స చేయించుకున్నవాళ్లు కన్ను పూర్తిగా మానిందని డాక్టరు చెప్పాకే దిగాలి.

అండమాన్ నీళ్లలో తలదించి గాలి గేజి చూసుకున్నాను. ముల్లు 50 బార్ల గీత వైపు జరుగుతోంది. ఇంట్లో ఇదే మాస్కు పెట్టుకుని గోడ గడియారం చూసినప్పుడు దాని ముల్లు ఎంత స్పష్టంగా ఉందో, ఇక్కడ ఈ ముల్లూ అంతే స్పష్టంగా ఉంది. బయటివైపు చదునుగా వదిలేసిన ఆ చేతి చలవ అది.