అధ్యాహారం, లక్షణ, యంత్రవ్యవహారం: రెండు అమెరికా తీర్పులపై శాబ్దబోధ దృష్టి

శాసనవాక్యానికి అర్థం నిర్ణయించడం న్యాయమూర్తి పని అయినప్పుడు ఆ పనిని శాబ్దబోధ ప్రమాణాలతో పరిశీలించడం అసంగతం కాదు. పదశక్తిని గ్రహించే ఉపాయాలను న్యాయసిద్ధాంతముక్తావళి ఎనిమిదిగా చెబుతుంది: వ్యాకరణం, ఉపమానం, కోశం, ఆప్తవాక్యం, వ్యవహారం, వాక్యశేషం, వివృతి, సిద్ధపదసాన్నిధ్యం. అమెరికా ఫెడరల్ అప్పీలు కోర్టులు ఇటీవల వెలువరించిన రెండు తీర్పులను ఈ వెలుగులో చదివితే వాటిలోని చిక్కు స్పష్టమవుతుంది.

మొదటిది ఉద్యోగ చట్టానికి సంబంధించిన హామిల్టన్ వర్సెస్ డాలస్ కౌంటీ. జైలులో పనిచేసే తొమ్మిదిమంది మహిళా అధికారులు 2019 నాటి వారాంతపు సెలవుల విధానాన్ని సవాలు చేశారు. శని, ఆదివారాలు రెండూ కలిసి వచ్చే సెలవు పురుషులకే. స్త్రీలకు ఆ రెండింటిలో ఒక్కటే దక్కుతుంది. ఉద్యోగపు నిబంధనలు, పరిస్థితులు, సౌకర్యాలలో లింగవివక్ష కూడదని 1964 పౌరహక్కుల చట్టం ఏడవ అధ్యాయం చెబుతోంది. ఏ రోజు పనిచేయాలన్నది ఈ మాటల పరిధిలోకి రాదనడం కష్టం. అయినా దావా కింది కోర్టులో నిలవలేదు. ఐదవ సర్క్యూట్ దశాబ్దాలుగా ఆ వాక్యంలో ‘అంతిమ నిర్ణయం’ అనే మాటను చేర్చి చదువుతూ వచ్చింది. దాంతో నియామకం, తొలగింపు, పదోన్నతి, వేతనం వంటివే చట్టం కిందికి వచ్చాయి.

ఇది అధ్యాహారం. వాక్యంలో ఆకాంక్ష తీరనప్పుడే బయటి పదాన్ని తెచ్చుకోవాలన్నది నియమం. ఆకాంక్ష తీరిన వాక్యానికి చేర్చిన పదం పూరణం కాదు, సవరణ. 2023 ఆగస్టులో పూర్తి ధర్మాసనం తరఫున న్యాయమూర్తి డాన్ విల్లెట్ రాసిన తీర్పు ఆ పదాన్ని తొలగించింది. అయితే అల్పమైన ఇబ్బందులకు చట్టం వర్తించదంటూనే అల్పత్వానికి హద్దు చెప్పకుండా వదిలింది. న్యాయమూర్తి ఈడిత్ జోన్స్ తన ప్రత్యేక అభిప్రాయంలో పట్టుకున్న లోపం ఇదే. ఆ ఆక్షేపణ న్యాయమైనది. కొంత హాని చూపితే చాలు, అది పెద్దదై ఉండనక్కరలేదని 2024 ఏప్రిల్‌లో మల్డ్రో కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

రెండవది నేరశిక్షకు సంబంధించినది. 2024 సెప్టెంబరులో పదకొండవ సర్క్యూట్ ముందుకు ఒక దోపిడీ కేసు వచ్చింది. దొంగ దుకాణపు ఉద్యోగికి తుపాకి గురిపెట్టాడు, తాకలేదు, కట్టలేదు. బాధితుణ్ణి ‘భౌతికంగా నిర్బంధిస్తే’ నేరతీవ్రత రెండు మెట్లు పెరుగుతుందని అప్పటి శిక్షా మార్గదర్శకాల నియమం. ఆ మాటకు వివృతి కూడా మార్గదర్శకాలలోనే ఉంది: కట్టడం, బంధించడం, గదిలో పెట్టి తాళం వేయడం వంటి బలవంతపు నిర్బంధం. వివృతి, సిద్ధపదసాన్నిధ్యం రెండూ ఒకే వైపు చూపుతున్నాయి. కానీ లొంగిపోవడం తప్ప బాధితుడికి వేరే దారి లేకుండా చేసినా నిర్బంధమేనన్న ఆ కోర్టు పాత తీర్పులు ధర్మాసనాన్ని బంధించాయి. భయంతో ‘కాళ్లు కట్టేసినట్టు’ నిలబడ్డాడని తెలుగులోనూ అంటారు. ఆ ‘అట్టు’లోనే అక్కడ తాడు లేదన్న ఒప్పుకోలు ఉంది. ముఖ్యార్థబాధ లేనిచోట లక్షణను ఆశ్రయించడమే పాత తీర్పుల దోషం.

న్యాయమూర్తి కెవిన్ న్యూసమ్ ఫలితంతో ఏకీభవిస్తూనే విడిగా ఒక అభిప్రాయం రాశారు. విడివిడి పదాలకు కోశం అర్థమిస్తుంది గాని పదబంధానికి ఇవ్వదన్నది ఆయన ఇబ్బంది. అందుకని మూడు కృత్రిమ మేధా నమూనాలను ఒకే ప్రశ్న పదేసిసార్లు అడిగారు. ముప్పై జవాబులు మాటల్లో కొద్దిగా తేడాపడినా సారం ఒక్కటే అయింది. సామాన్యుల మాటతీరులోనూ అలాంటి తేడాలుంటాయి గనుక అది లోపం కాదని ఆయన వాదం.

వాదం తెలివైనదే. అయితే శాస్త్రం చెప్పిన వ్యవహారం వేరు. పెద్దవాడు ‘ఆవును తీసుకురా’ అంటాడు, రెండోవాడు తెస్తాడు, పిల్లవాడు చూసి నేర్చుకుంటాడు. మాట, పని, వస్తువు మూడూ అక్కడ కలిసే ఉంటాయి. నమూనాకు దొరికేది మాటల పక్కన మాటలే. తాడూ తెలియదు, తుపాకీ తెలియదు. వివృతి చేతిలో ఉండగా వ్యవహారం కోసం అంత దూరం వెళ్లడం అవసరమా అన్న ప్రశ్న కూడా మిగులుతుంది. ఐదవ సర్క్యూట్‌లో పూర్తి ధర్మాసనం కూర్చుంది గనుక చేర్చిన పదం పోయింది. ఇక్కడ పాత తీర్పులను తోసిపుచ్చే అధికారం ముగ్గురి ధర్మాసనానికి లేదు. ముద్దాయికి పెరిగిన రెండు మెట్లు అలాగే నిలిచాయి.