ఓడింపక గెలుచుట: ఒక గ్రంథ విమర్శ

వ్యూహ మనగానే ఎదుటివానిని ఓడించు ఉపాయమని మన మందరము తలంతుము. ఈ తలంపు అన్ని వేళల నిజము కాదని లెక్కలతో చూపిన గ్రంథము, రాబర్ట్ ఆక్సెల్‌రాడ్ 1984లో ప్రకటించిన ‘ది ఎవల్యూషన్ ఆఫ్ కోఆపరేషన్’.

ఇందలి ఆట సులభము. ఇద్దరు ఆటగాండ్రు ఒకరి నిర్ణయము మరియొకరికి తెలియకుండ సహకారమునో ద్రోహమునో ఎన్నుకొందురు. ఇద్దరును సహకరించినచో చెరి 3 మార్కులు. ఇద్దరును ద్రోహము చేసినచో చెరి 1. ఒక్కడే ద్రోహము చేసినచో వానికి 5, రెండవవానికి సున్న. ఒక్కసారి మాత్రమే ఆడినచో, ఎదుటివాడేమి చేసినను ద్రోహమే లాభము. మరి పదేపదే తారసపడువారి మాట యేమి? దీనిని తేల్చుటకు ఆక్సెల్‌రాడ్ నిపుణులచే కంప్యూటర్ ప్రోగ్రాములు వ్రాయించి రెండు పోటీలు జరిపెను. మొదటిదానికి 14, రెండవదానికి 62 ప్రోగ్రాములు వచ్చినవి. రెంటను గెలిచినది అనటోల్ రాపపోర్ట్ పంపిన ‘చెల్లుకు చెల్లు’. దాని సూత్రము రెండు ముక్కలే: మొదట సహకరింపుము, పిదప ఎదుటివాడు క్రిందటిసారి చేసినదే నీవును చేయుము.

ఇందొక వింత కలదు. ఈ వ్యూహము ఏ జోడీలోను ఎదుటివానికంటె ఎక్కువ మార్కులు పొందజాలదు. ఎవరిని ఓడింపకయే, సహకారమును రాబట్టి, మొత్తముమీద ప్రథమస్థానము నందుకొన్నది. ఈ సత్యమును ఇంత తేటగా చెప్పుటయే గ్రంథము గొప్పతనము.

ఐనను దీనిని చదివి ‘చెల్లుకు చెల్లే నీతి’ అని తరగతిలో చెప్పుట తొందరపాటు. మొదటి చిక్కు పొరపాటువలన వచ్చును. ఇద్దరును ఈ వ్యూహమునే అనుసరించుచుండగా ఒకడు ఒక్కసారి పొరబడినను, ద్రోహము ఇటునుండి అటు, అటునుండి ఇటు మారుచు సాగును. అప్పుడు ఒక్కొక్కరి సగటు 3 కాదు, రెండున్నర. గ్రంథకర్త ఈ ప్రమాదము నెరుగును. కాని పొరపాట్లున్న చోట అప్పుడప్పుడు క్షమించు వ్యూహమే మేలని 1992లో నోవాక్, సిగ్మండ్ అనువారు విపులముగ చూపిరి.

రెండవ చిక్కు బలమునకు సంబంధించినది. ఆటలో బదులు తీర్చుకొను శక్తి ఇద్దరికిని సమానము. కాలువపై ఎగువ రైతు నీరు కట్టివేసినచో దిగువ రైతు తిరిగి ఏమి కట్టగలడు? అతనికి కావలసినది వ్యూహము కాదు. వంతుల కట్టుబాటు, దానిని అమలుజరుపు నలుగురు. కావున స్పెయిన్, ఫిలిప్పైన్సు దేశముల పంటకాలువల కట్టుబాట్లను పరిశీలించిన ఎలినార్ ఆస్ట్రమ్ గ్రంథమును, 1990 నాటి ‘గవర్నింగ్ ది కామన్స్’ను, దీనితో జతపరచి చదువవలెను.

ఉపాధ్యాయులు ఈ ఆటను చీటీలతో తరగతిలో ఆడింపవచ్చును. ఎన్నిసార్లు ఆడవలెనో ముందుగా చెప్పరాదు. నడుమ ఒక చీటీని మీరే తారుమారు చేసి చూడుడు. పిమ్మట పుట్టు తగవును పిల్లలే తీర్చుకొందురేని, పాఠము సగము బోధించినట్లే.