ఆనందనగరంలో కానరాని పురపాలక సంఘం

కలకత్తా మహానగరాన్ని లోకం ‘ఆనందనగరం’ అని వ్యవహరిస్తున్నది. నిజానికి ఈ పేరు కలకత్తాది కాదు. ఫ్రెంచి రచయిత డొమినిక్ లాపియర్ 1985లో ప్రచురించిన ‘సిటీ ఆఫ్ జాయ్’ నవలలో అది హుగ్లీ నదికి ఆవలి ఒడ్డున, హౌరాలో ఉన్న ఒక మురికివాడ పేరు. నవలలోని ఆనందనగర్‌కు మూలం హౌరాలోని పిల్ఖానా బస్తీ. పేరు వంతెన దాటి మహానగరానికి చేరింది. బస్తీ, దానిని పాలించవలసిన హౌరా పురపాలక సంఘం పాఠకుల దృష్టికి రాకుండా ఉండిపోయాయి. ఆ నవలను ఈ కోణం నుంచి పరిశీలించడం అవసరం.

హౌరా కలకత్తాకు శివారు పేట మాత్రమే కాదు. అక్కడ 1854లో రైలు బయలుదేరింది. 1862లో ప్రత్యేక పురపాలక సంఘం ఏర్పడింది. 1984లో అది నగరపాలక సంస్థ అయింది. జనపనార మిల్లులు, ఇనుప పోత కర్మాగారాలు, రైల్వే కలిసి పెంచిన ఊరది. బీహారు, ఒరిస్సాల నుంచి వచ్చినట్లే గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి తెలుగువారు కూడా హుగ్లీ తీరపు మిల్లులకు కూలికి వెళ్లారు. కనుక ఆ బస్తీల కథ తెలుగు పాఠకునికి పూర్తిగా పరాయిది కాదు.

లాపియర్ పరిశీలనాశక్తిని శంకించవలసిన పని లేదు. కరవుకు పల్లె విడిచి వచ్చి రిక్షా లాగే హసారి పాల్, బస్తీలో కాపురం పెట్టిన పోలిష్ మతగురువు కొవాల్‌స్కీ, అమెరికా నుంచి వచ్చిన వైద్యుడు మాక్స్ లోబ్ ఈ కథకు ప్రధాన పాత్రలు. కుళాయి దగ్గర బారులు, మరుగుదొడ్ల కొరత, గేదెల కొట్టాల దుర్గంధం, వాననీటి ముంపు అన్నీ ఇందులో కళ్లకు కట్టినట్లున్నాయి. ఆ ఇరుకులోనే ఇరుగుపొరుగు ఒకరినొకరు ఆదుకొనడం పాఠకుని హృదయాన్ని తాకుతుంది. రచయిత తన గ్రంథాదాయంలో సగభాగాన్ని అక్కడి సేవాకార్యాలకు వినియోగించిన సంగతి కూడా మరువరానిది.

అయితే ఇందులో బాధను తీర్చే చేతులు ఎవరివి? కొన్ని మతగురువువి, కొన్ని వైద్యునివి, కొన్ని దాతలవి. బందన వంటి స్థానిక సేవిక, బస్తీవారి పరస్పర సహాయ సంఘం కూడా ఉన్నాయి. కాని పన్ను వసూలు చేసే, నీరు ఇచ్చే, చెత్త ఎత్తించే సంస్థ ఒక పాత్రగా రూపొందదు. దాని వైఫల్యం కూడా మనుషుల నిర్ణయాల ఫలితంగా గాక, వరద వలె, క్షామం వలె, విధిగా కనిపిస్తుంది. హసారి తన కుమార్తె పెండ్లి కోసం మరణానంతరం తన అస్థిపంజరాన్ని అప్పగించేందుకు ఒప్పుకొని సొమ్ము తీసుకొనే ఘట్టంలో కరుణ పరాకాష్ఠను అందుకుంటుంది. అయినా కరుణ కలిగిన పాఠకుడు చందా పంపగలడు గాని, ఎవరిని నిలదీయాలో తెలుసుకోలేడు.

ఇందుకు సరిగ్గా విరుద్ధమైన గ్రంథం ఓమాలీ, మన్మోహన్ చక్రవర్తి 1909లో వెలువరించిన హౌరా జిల్లా గెజెటీరు. అందులో పురపాలక సంఘం ఉంది, పన్నులున్నాయి, నీటి సరఫరా ఉంది. నీటి కోసం నిలబడిన మనిషి లేడు. ఒకటి సంస్థను చూసి మనిషిని మరచింది. మరొకటి మనిషిని చూసి సంస్థను మరచింది.

ఈ రెండింటి నడుమ నడిచిన చరిత్ర మరొకటి ఉంది. 1970లో కలకత్తా మహానగరాభివృద్ధి సంస్థ ఏర్పడింది. గుడిసెలను కూల్చకుండానే కుళాయిలు, మరుగుదొడ్లు, మురుగు కాల్వలు, గచ్చు సందులు, వీధి దీపాలు కల్పించే బస్తీ అభివృద్ధి పథకం హౌరాకూ వర్తించింది. నేల ఒకరిది, గుడిసె మరొకరిది, అద్దెకు ఉండేది ఇంకొకరు అయిన ఠికా పద్ధతిలో బాగుచేయించే బాధ్యత ఎవరిదో తేలేది కాదు. 1981 నాటి శాసనం కలకత్తా, హౌరాలలోని అట్టి భూములను రాష్ట్ర ప్రభుత్వపరం చేసింది. వీటి ఫలితాలు అరకొరగా ఉండవచ్చు. కాని ఒక సందులోకి కుళాయి రావడం వెనుక శాసనం, బడ్జెటు, ఇంజనీరు, వార్డు సభ్యుడు ఉంటారన్న సత్యం నవలకు పనికిరాని వస్తువు కాదు. అందులోనూ ఆశాభంగం ఉంది, పోరాటం ఉంది, నాటకీయత ఉంది.

నవలను చలనచిత్రంగా తీసినప్పుడు, దారిద్ర్యాన్ని అమ్ముకొంటున్నారని కలకత్తాలో నిరసనలు చెలరేగాయి. ఆ వివాదం నగర గౌరవం చుట్టూ తిరిగింది. హౌరా పౌరుని హక్కు అందులో చర్చకు రాలేదు. 1993లో అమలులోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పురపాలక సంఘాలకు సకాలంలో ఎన్నికలు జరగాలని నిర్దేశించింది. అయినా హౌరాలో 2013లో ఎన్నికైన పాలకమండలి గడువు 2018 డిసెంబరులో ముగిసిన తరువాత ఏళ్ల తరబడి ఎన్నికలు జరగలేదు. వార్డు సభ్యుడు లేని వీధిలో కుళాయి ఎండితే బస్తీవాసి ఎవరి గుమ్మం తొక్కాలి?

2022లో మరణించిన లాపియర్ బస్తీవాసుల ఆత్మగౌరవాన్ని లోకానికి చూపారు. ఆ గౌరవానికి ఆధారమైన పౌరత్వాన్ని చూపే పని మిగిలి ఉంది. కుళాయి నీరు దాత దయ కాదు, పౌరునికి రావలసిన బాకీ అన్న ఎరుకతో హౌరాను చిత్రించే రచన ఈ నవలకు తగిన కొనసాగింపు కాగలదు.