వాక్యం చివరి మాట ఎవరిది?

నా దగ్గర ఇంగ్లిషు రాత దిద్దించుకోవడానికి వచ్చేవాళ్లకు అమెరికా సుప్రీంకోర్టు 2016 మార్చిలో ఇచ్చిన ఒక తీర్పు గురించి తప్పకుండా చెబుతాను. లాక్‌హార్ట్ కేసు అంటారు దాన్ని. విషయం బాధాకరమైనది. పిల్లల అశ్లీల చిత్రాలు దగ్గర ఉంచుకున్నట్టు ఒకతను నేరం ఒప్పుకున్నాడు. అలాంటివాడికి అంతకుముందు కొన్ని రకాల లైంగిక నేరాల్లో శిక్ష పడి ఉంటే కనీసం పదేళ్ల జైలు వేయాలని చట్టం. ఆ పాత నేరాలను మూడుగా చెప్పింది: తీవ్రమైన లైంగిక దాడి, లైంగిక దాడి, లైంగిక దుష్ప్రవర్తన. మూడోదాని వెనకే ‘ఇన్‌వాల్వింగ్ ఎ మైనర్ ఆర్ వార్డ్’ అని ఒక తోక తగిలించింది. బాధితులు మైనర్లో, ఒకరి సంరక్షణలో ఉన్నవాళ్లో అయి ఉండాలని దాని అర్థం. ఇతని పాత కేసులో బాధితురాలు వయసొచ్చిన స్త్రీ. తోక మూడోదానిదే అయితే పదేళ్లు తప్పవు. మూడింటిదీ అయితే ఆ నిబంధన అతనికి తగలదు.

ఆరుగురు న్యాయమూర్తులు తోక చివరిదానిదే అన్నారు. ఆ తీర్పు రాసింది సోనియా సోటోమేయర్. ఇద్దరు విభేదించారు. వాళ్ల తరఫున రాసిన ఎలీనా కేగన్ వాదన మామూలు మాటల్లోంచి పుట్టింది. ఫలానా కొత్త స్టార్ వార్స్ సినిమాకు పనిచేసిన నటుణ్నో దర్శకుణ్నో నిర్మాతనో కలవాలని ఉందని స్నేహితుడంటే, ఆ సినిమా షరతు ఒక్క నిర్మాతకే అని ఎవరైనా అనుకుంటారా అని ఆమె ప్రశ్న.

ఐదేళ్లకు, 2021 ఏప్రిల్‌లో, అలాంటి చిక్కే మళ్లీ అదే కోర్టు ముందుకొచ్చింది. ఈసారి ఫేస్‌బుక్ కేసు. ఫేస్‌బుక్ ఖాతాయే లేని ఒకతని ఫోనుకు, మీ ఖాతాలోకి ఎవరో లాగిన్ అయ్యారంటూ మెసేజిలు వస్తూ ఉండేవి. ఆటోమేటిక్‌గా నంబర్లకు డయల్ చేసే యంత్రాలను అదుపు చేసే 1991 నాటి చట్టం కింద అతను దావా వేశాడు. ఫోన్ నంబర్లను ‘నిల్వ చేసే లేదా తయారు చేసే’ యంత్రం అని రాసి, ఒక కామా పెట్టి, ‘యాదృచ్ఛికంగానో వరస క్రమంలోనో అంకెలు పుట్టించే పరికరం వాడి’ అన్న షరతును చట్టం చివర్లో చేర్చింది. షరతు తయారు చేయడానికేనా, నిల్వ చేయడానికి కూడానా? రెండింటికీ అంది కోర్టు. ఫేస్‌బుక్ గెలిచింది. ఈ తీర్పు రాసింది కూడా సోటోమేయరే. మొదటి కేసులో లేని కామా రెండో కేసులో ఉంది, వాక్యాల అల్లికా వేరు. అందువల్ల ఆమె మాట మార్చారనడం న్యాయం కాదు. ఫలితంతో ఏకీభవించిన న్యాయమూర్తి అలీటో మాత్రం, ఇలాంటి వ్యాకరణ సూత్రాల మీద మరీ ఎక్కువ బరువు పెట్టొద్దని విడిగా రాశారు.

నాకు ఈ రెండు కేసుల్లోనూ కోర్టు మీద కంటే ముసాయిదా రాసినవాళ్ల మీదే మనసు పోతుంది. రాస్తున్నప్పుడు తోక ఎవరిదో వాళ్లకు తెలిసే ఉంటుంది. తెలిసినదే కాబట్టి కాగితం మీద కూడా ఉందనుకున్నారు. ఇంగ్లిషులో పరిమితి చెప్పే పదబంధాలతో వచ్చే కష్టమంతా ఇక్కడే. రాసినవాడికి అనుమానం రాదు, చదివేవాడికే వస్తుంది.

తెలుగువాళ్లకు ఈ ఇబ్బంది ఇంకొక దారిలో వస్తుంది. మన విశేషణం సాధారణంగా నామవాచకానికి ముందు కూర్చుంటుంది. ‘డాలస్‌లో ఉన్న తమ్ముడు’ అంటాం. ఇంగ్లిషులో ‘డాలస్‌లో ఉన్న’ అన్నది తమ్ముడి తర్వాత వస్తుంది, అక్కడ కామా పెట్టాలా వద్దా అన్న ప్రశ్న కూడా వస్తుంది. కామా పెడితే ఉన్నది ఒక్క తమ్ముడే, అతను డాలస్‌లో ఉన్నాడని. కామా లేకపోతే తమ్ముళ్లు ఇంకా ఉన్నారు, వాళ్లలో డాలస్ అతని సంగతి చెబుతున్నామని. తెలుగు వాక్యం ఈ తేడా చెప్పదు, చెప్పాల్సిన అవసరం మనకు తోచదు. ఉత్తరంలో అయితే పోనీ అనుకోవచ్చు. ఆస్తి ‘డాలస్‌లో ఉంటున్న నా కొడుకుకు’ అని ఇంగ్లిషులో వీలునామా రాయించే తండ్రి మాత్రం ఆ కామా దగ్గర ఆగి తీరాలి.

అమెరికా యూనివర్సిటీలకు పిల్లలు రాసుకునే స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్‌లు దిద్దుతుంటే తరచూ కనబడే వాక్యం ఒకటుంది. ‘ఆఫ్టర్ కంప్లీటింగ్ మై బీటెక్, ఎ కంపెనీ ఇన్ హైదరాబాద్ హైర్డ్ మీ.’ ఇంగ్లిషు వ్యాకరణం ప్రకారం బీటెక్ పూర్తి చేసింది కంపెనీ. ఇది అజాగ్రత్త వల్ల పుట్టిన తప్పు కాదు. ‘బీటెక్ పూర్తి చేశాక హైదరాబాద్‌లో ఒక కంపెనీ నన్ను తీసుకుంది’ అనే తెలుగు వాక్యంలో ఏ లోపమూ లేదు. ‘చేశాక’ అన్న క్రియకు కర్త వేరే ఉండొచ్చని మన భాష ఒప్పుకుంటుంది. ఇంగ్లిషులో ‘కంప్లీటింగ్’ తన కర్త కోసం కామా దాటగానే ఉన్న నామవాచకం వైపు చూస్తుంది. ఈ కారణం చెబితే పిల్లలు వెంటనే పట్టుకుంటారు. తప్పు అని ఎర్రగీత గీస్తే మళ్లీ అదే రాసుకొస్తారు. అక్కడ ‘ఐ’ని తెచ్చి కూర్చోబెడితే చాలు, వాక్యం సరిపోతుంది.

‘ఓన్లీ’ సంగతి చిన్నదే. అది ఏ మాటకు చెందితే ఆ మాట పక్కనే ఉండాలని పట్టుబట్టేవాళ్లను ఫౌలర్ 1926లో వచ్చిన తన ప్రసిద్ధ వాడుక నిఘంటువులో మందలించాడు. మాట్లాడేటప్పుడు ఆయన చెప్పింది నిజమే, గొంతు ఏ మాట మీద ఒత్తితే షరతు దానిదే అవుతుంది. కాగితానికి గొంతు లేదు. ‘రీఫండ్స్ ఆర్ ఓన్లీ పెయిడ్ బై చెక్ ఆన్ మండేస్’ అని కౌంటర్ దగ్గర రాసి ఉంటే, చెక్కుగానే ఇస్తారా, సోమవారమే ఇస్తారా, రెండూనా అన్నది క్యూలో నిలబడ్డవాడు తేల్చుకోలేడు. మనం తెలుగులో ‘సోమవారమే’ అని ఆ మాటకే ‘ఏ’ అంటిస్తాం, సమస్య అక్కడికక్కడే తీరిపోతుంది. ఇలాంటి చోట ఫౌలర్‌ని కాదని నేను ‘ఓన్లీ’ని జరుపుతాను.

మా అపార్ట్‌మెంట్ నిబంధనల ముసాయిదాలో ‘ఓనర్స్ అండ్ టెనెంట్స్ హూ హావ్ టూ కార్స్’ అదనపు మెయింటెనెన్స్ కట్టాలని ఉంది. ఒక్క కారున్న ఓనరు కట్టాలా? కమిటీలో సగం మంది అవునన్నారు, సగం మంది కాదన్నారు. కామాలు అటూ ఇటూ మార్చి చూద్దామన్నారు కొందరు. నేను ఒప్పుకోలేదు. ఇంత పని కామాకు అప్పగించకూడదు. షరతును ముందుకు తెచ్చి, రెండు కార్లున్న ఏ ఫ్లాటైనా, అందులో ఉండేది ఓనరైనా టెనెంటైనా కట్టాలి అని రాశాం. వాక్యం పొడుగైంది, పొడుగైతే నష్టమేమీ లేదు. షరతును వాక్యం ముందు ఒకసారి, వెనక ఒకసారి చెప్పాల్సి వచ్చినా చెప్పమంటాను. అందం కోసం పునరుక్తి మానుకునే చోటు ఇది కాదు.

షరతు ఎవరిదో తేలాక కూడా, ‘బహుశా’ లాంటి మాట వాడితే అది నూటికి ఎంత అన్న ప్రశ్న మిగులుతుంది. సీఐఏ అంచనాల విభాగంలో పనిచేసిన షెర్మన్ కెంట్‌కు 1951లో ఇది అనుభవమైంది. ఆ ఏడాది యుగోస్లావియా మీద దాడిని ‘సీరియస్ పాసిబిలిటీ’గా పరిగణించాలని వాళ్ల నివేదిక చెప్పింది. అంటే ఎంత అని విదేశాంగ శాఖ అధికారి ఒకరు అడిగితే, తన లెక్కలో నూటికి 65 వంతులు జరుగుతుందని కెంట్ చెప్పాడు. ఆ అధికారి అంతకంటే చాలా తక్కువ అనుకున్నాడు. కెంట్ వెళ్లి తన సహచరులనే అడిగితే, ఆ మాటకు అందరూ ఒప్పుకుని రాసినవాళ్లలోనే ఒకరు నూటికి 20 అన్నారు, ఒకరు 80 అన్నారు. ఇప్పుడు వాతావరణ మార్పులపై ఐపీసీసీ తన నివేదికల్లో ‘లైక్లీ’ అంటే కనీసం 66 శాతం, ‘వెరీ లైక్లీ’ అంటే కనీసం 90 శాతం అని ముందే చెప్పి వాడుతోంది.

ఆఫీసు రిపోర్టుల్లో అంత కట్టుదిట్టం కుదరదు. అయినా ‘లైక్లీ టు బి కంప్లీటెడ్ బై జూన్’ అని కనబడితే మార్జిన్‌లో పెన్సిల్‌తో నూటికి ఎంత అని రాసి వెనక్కి పంపుతాను. ఆ అంకె వేయడానికి కూర్చున్నవాళ్లు జూన్‌ని సెప్టెంబర్ చేసి తిరిగి పంపడం చాలాసార్లు చూశాను.